కొంగ ఎలా దిగుతుందో చూశారా?

చిరంజీవులు బుజ్జికీ చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

ఫోన్లో చూసిన వీడియో గురించి బుజ్జి రాశాడు. చిన్న విమానం రన్‌వే మీద మూడుసార్లు గెంతి, ముక్కు నేలకేసి కొట్టుకుని ఆగిపోయిందట. "ఇంజన్ బాగానే తిరుగుతోంది కదా తాతయ్యా, మరెందుకలా అయింది?" అని వాడి ప్రశ్న.

ముందు కొంగని చూద్దాం. మడిలో దిగే కొంగ దూసుకొచ్చి బురదలో గుచ్చుకోదు. నేల దగ్గర పడగానే ఒళ్లు నిటారుగా లేపి, రెక్కలు గాలికి అడ్డం పెడుతుంది. వేగం చచ్చాక కాళ్లు ఆనిస్తుంది. సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం చేసేదీ అదే. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ అనే పలకలు దించుకుని, గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదకొస్తుంది. నేల ఇంకా మూడు నాలుగు మీటర్లుందనగా పైలట్ ముక్కు మెల్లగా లేపుతాడు. వెనక రెండు చక్రాలూ ముందు ఆనాలి, ముక్కు చక్రం ఆఖర్న. అది దిగేటప్పటి బరువు మోయడానికి పుట్టింది కాదు.

ఇప్పుడు 120 బదులు 140తో వచ్చాడనుకోండి. ఇరవయ్యేగా అనిపిస్తుంది. కానీ విమానంలో ఉన్న శక్తి మూడోవంతుకి పైగా పెరిగిపోతుంది. రెక్క ఇంకా మోస్తూనే ఉంటుంది, నేలకి దగ్గరైతే దాన్ని వెనక్కి లాగే గాలి కూడా తగ్గుతుంది. అందుకని విమానం దిగనంటూ తేలుకుంటూ పోతుంది. కింద రన్‌వే అయిపోతుంటే పైలట్‌కి కంగారు. ముక్కు కిందికి నొక్కుతాడు. ముక్కు చక్రం ముందు తగిలి, ముక్కు పైకి లేస్తుంది, విమానం మళ్లీ గాల్లోకి. మళ్లీ నొక్కుతాడు, కానీ ఆపాటికి అది తనంతట తనే దిగుతోంది, అందుకని ఇంకా గట్టిగా తగులుతుంది. మూడో గెంతుకి ముక్కు చక్రం కాడ వంగి, ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. ప్రొపెల్లర్ మార్చేస్తే సరిపోదు, ఇంజన్ విప్పి లోపల చూడాల్సిందే.

మొదటి గెంతుకే ఏం చేయాలో కొంగకి తెలుసు. కొమ్మ అందకపోతే రెక్కలాడించి, ఓ చుట్టు చుట్టి మళ్లీ వస్తుంది. దాన్నే పైలట్లు గో-ఎరౌండ్ అంటారు: ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ పూర్తిగా తోయాలి, ముక్కు ఎడమకి తిరగకుండా కుడి పెడల్ తొక్కాలి, ఫ్లాప్స్ ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా ఎత్తాలి. ఒక్కసారి ఎత్తేస్తే విమానం కిందికి జారుతుంది. బుజ్జీ, ఇంజన్ బాగుందన్నావే, అది పనికొచ్చేది ఇక్కడే. మళ్లీ తిరిగి రావడం నామర్దా అనుకునేవాళ్లకే ఈ తిప్పలు.

మా చిన్నప్పుడు గోళ్ల మీద తెల్లచుక్కలు వేయమని కొంగల్ని అడిగేవాళ్లం. అవెటు తిరిగి దిగుతున్నాయో మాత్రం చూసేవాళ్లం కాదు. అవి గాలికి ఎదురుగా దిగుతాయి. విమానానికి ఆ స్వేచ్ఛ లేదు, రన్‌వే ఎటుంటే అటే. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, దక్షిణపు గాలి వీస్తే అది పక్కగాలే. అప్పుడు గాలివైపు రెక్క కాస్త వంచి, అవతలి పెడల్‌తో ముక్కు రన్‌వేకి తిన్నగా పట్టి, ఒక చక్రం మీద ముందు దిగుతారు. కొంగ ఒంటికాలి మీద నిలబడడం గుర్తొస్తుంది, కానీ ఇక్కడ నా పోలిక తెగిపోయింది, ఒప్పుకుంటాను. కొంగకి చక్రాల్లేవు. చక్రాలు ఆనాయి కదా అని కాళ్లు సడలిస్తే పక్కగాలి విమానాన్ని గడ్డిలోకి తోసేస్తుంది. ఆగేదాకా పెడల్స్ మీద కాళ్లు ఉండాల్సిందే.

ఈ ఆదివారం సాయంత్రం చెరువుగట్టుకి వెళ్లండి. ఓ గుప్పెడు ఎండుగడ్డి వదిలి గాలి ఎటో చూసుకోండి. తర్వాత పది కొంగల్ని లెక్కపెట్టి, ఎన్ని ఎటు తిరిగి దిగాయో, ఎన్ని మళ్లీ చుట్టుకొచ్చాయో నాకు రాయండి.

తాతయ్య