ఊసరవెల్లి మీద పడ్డ పాత నింద

పార్టీ మారిన నాయకుణ్ని తిట్టాలంటే మనకు ముందు గుర్తొచ్చేది ఊసరవెల్లి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందనీ అంటాం. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే, రెండూ వేరు వేరు కుటుంబాల జీవులు. జత కట్టే కాలంలో ప్రహరీ గోడెక్కి, ఎర్రబడ్డ తల పైకీ కిందికీ ఊపుతూ దండీలు తీసే తొండను చూసి, అదే ఊసరవెల్లి అనుకుని రాళ్లు విసిరిన బాల్యం చాలామందిది. నాదీ అంతే.

ఎక్కడుంటే అక్కడి రంగుకు మారిపోతుందన్న మాట మాత్రం మనం పుట్టించింది కాదు. ఒంట్లోకి గాలి నింపుకుని ఉబ్బినప్పుడు దాని రంగు మారుతుందని అరిస్టాటిల్ రాశాడు. ఆ తర్వాత దాదాపు 400 ఏళ్లకు రోమన్ రచయిత ప్లినీ, అది దేన్ని తాకితే ఆ రంగుకు వస్తుందనీ, ఎరుపు, తెలుపు మాత్రం రావనీ రాసిపెట్టాడు. గాలి తిని బతుకుతుందని రాసిందీ ఆయనే! ఆకుపచ్చటి జీవి ఆకుల్లో కూర్చుంటే ఎలాగూ కనపడదు కాబట్టి ఆ మాట నిలిచిపోయింది. ఆమధ్య రంగురంగుల కళ్లద్దాల మీద నడుస్తూ రంగులు మార్చే ఊసరవెల్లి వీడియో తెగ తిరిగింది. అది అడ్వర్టైజ్‌మెంట్ కోసం తయారుచేసింది.

1852లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ బ్రూకె ఆఫ్రికా ఊసరవెల్లి రంగుల మీద పెద్ద పరిశోధన వ్యాసమే ప్రచురించాడు. చర్మంలోని నల్లటి పదార్థం పైకి పరుచుకుంటే ఒళ్లు నల్లబడుతుంది, లోపలికి పోతే లేత రంగుకు వస్తుంది. నలుపు సంగతి అలా తేలింది. మరి క్షణాల్లో ఆకుపచ్చ కాస్తా పసుపెలా అవుతుంది?

దానికి జవాబు 2015లో జెనీవా యూనివర్సిటీ నుంచి వచ్చింది. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లి చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి చిన్న స్ఫటికాలు వరుసగా పేర్చినట్టు ఉంటాయి. అది స్థిమితంగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరగా ఉండి నీలం వెలుగును తిప్పికొడతాయి. పైనున్న పసుపు వర్ణకం దానితో కలిస్తే మనకు ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇంకో మగది ఎదురైతే స్ఫటికాలు దూరంగా జరుగుతాయి, ఒళ్లు పసుపు, నారింజలోకి తిరుగుతుంది. చర్మం ముక్కను వేర్వేరు గాఢతల ఉప్పు నీళ్లలో ఉంచి చూస్తే, స్ఫటికాల ఎడం మారేకొద్దీ రంగూ మారింది. అంటే కొత్త రంగేమీ పూసుకోవడం లేదు, వెలుగును తిప్పికొట్టే తీరే మారుతోంది.

ఇక ఎందుకు మారుతుందన్నది. 2008లో దక్షిణాఫ్రికా మరుగుజ్జు ఊసరవెల్లులను పోల్చి చూశారు. ఎక్కువగా రంగు మార్చేవి రకరకాల పరిసరాల్లో బతికేవి కావు, తోటివాటికి కొట్టొచ్చినట్టు కనపడేలా సైగలు చేసేవి. దాక్కోవడం అసలే లేదని కాదు, పక్షి కంటపడకుండా చుట్టూ ఉన్న రంగులో ఒళ్లు కలుపుకునే జాతులూ ఉన్నాయి. వేడి కోసం మారడమూ ఉంది: నమీబ్ ఎడారి ఊసరవెల్లి పొద్దున్నే నల్లబడి ఎండ కాగుతుంది, మిట్టమధ్యాహ్నం పాలిపోతుంది.

కానీ అసలు హడావిడంతా కొట్లాటలప్పుడే. 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో యెమెన్ ప్రాంతపు మగ ఊసరవెల్లులను ఎదురెదురుగా వదిలి చూశారు. పక్క చారలు బాగా మెరిసేది ముందుకు దూకింది. తల రంగు త్వరగా, ప్రకాశంగా మారేది ఎక్కువగా గెలిచింది. ఓడినది ఒళ్లు నల్లబరుచుకుంటుంది, దాంతో రెండోది దాడి తగ్గిస్తుంది.