గోల్ఫర్ల ఒంటి గురించి అపోహలు - వాస్తవాలు: ఛారిటీ ఈవెంట్‌కి పేరిచ్చే ముందు చదవండి

నేను గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఫిట్‌నెస్ ట్రైనింగ్ ఇస్తాను. ఏడాదిలో కొన్ని రోజులు ఛారిటీ గోల్ఫ్ ఈవెంట్లకి వెళ్ళి, వచ్చినవాళ్ళచేత ఆటకి ముందు వార్మప్ చేయించడం కూడా నా పనే. అక్కడ నాకు ఎప్పుడూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఆరు నెలలుగా క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టని మనిషి పొద్దున్నే గంటసేపు కారు నడుపుకుంటూ వస్తాడు, కుర్చీలో కూర్చుని ప్రసంగాలు వింటాడు, గోల్ఫ్ కార్ట్ ఎక్కి తన టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరికి వెళ్తాడు, దిగీ దిగగానే బ్యాగులోంచి డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీసి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొడతాడు. మధ్యాహ్నానికల్లా నడుం పట్టుకుని నా దగ్గర ఉంటాడు. నలుగురికి సాయపడదామని వచ్చిన మనిషి వారం రోజులు మంచం దిగలేకపోతే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వీటిలో చాలావరకు రాకుండా ఆపగలిగిన నొప్పులే.

అపోహ: గోల్ఫ్ నిదానమైన ఆట, దానికి ఫిట్‌నెస్ ఎందుకు?

ఆట నిదానమే, స్వింగ్ మాత్రం కాదు. క్లబ్ పైనుంచి కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టే సమయం సెకనులో దాదాపు పావు వంతు. ఆ కాస్త సమయంలో డ్రైవర్ క్లబ్ తల (బంతిని తాకే కొస) వేగం ప్రొఫెషనల్ మగ ఆటగాళ్ళలో గంటకు 180 కిలోమీటర్లు దాటుతుంది, మామూలు క్లబ్ ఆటగాళ్ళలో కూడా 140, 150 దాకా వెళ్తుంది. అంత వేగం పుట్టించడం సగం పని. బంతిని కొట్టేశాక అదే వేగాన్ని ఆపాలి కదా, ఆ బ్రేకు వేసేది మీ కండరాలే. ఒక్క స్వింగ్‌లో నడుము వెన్నుపూసల మీద శరీర బరువుకి 8 రెట్ల దాకా ఒత్తిడి పడుతుందని కొలిచి చూశారు. 100 స్ట్రోకుల్లో రౌండ్ ముగించే ఆటగాడు పుట్‌లు (గుంతలోకి బంతిని మెల్లగా దొర్లించే షాట్లు) తీసేసినా 60 సార్లు క్లబ్ తిప్పినట్టే, అందులో ప్రాక్టీస్ స్వింగ్‌లు కలపనేలేదు. నడిచి ఆడితే పూర్తి రౌండ్‌లోని 18 హోల్స్‌కి (బంతిని వెయ్యాల్సిన గుంతలు) 8 నుంచి 10 కిలోమీటర్లు. ఇదంతా తయారీ లేని ఒంటితో చేస్తే నొప్పి రావడంలో వింతేముంది?

అపోహ: నడుం నొప్పి వస్తే నడుముని బాగా తిప్పే వ్యాయామాలు చెయ్యాలి

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు వినే మాట ఇది. చెడు చేసేదీ ఎక్కువగా ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

మన నడుము తిరగడానికి కట్టిన భాగం కాదు. కింది వెన్నులో 5 పూసలుంటాయి, వాటి వెనక ఉన్న చిన్న కీళ్ళు నిలువుగా అమరి ఉండటం వల్ల ముందుకి వంగడం, వెనక్కి వాలడం బాగా వస్తాయి. పక్కకి తిరగడం మాత్రం అయిదు పూసలూ కలిపినా ఒక్కో వైపుకి 10 డిగ్రీలు, కాస్త అటూ ఇటూ. దాని పైన పక్కటెముకలు అతుక్కుని ఉండే 12 పూసల భాగం 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. కింద తుంటి కీళ్ళు కూడా బాగా తిరుగుతాయి. అంటే స్వింగ్‌లో తిరిగే పని ఛాతీ వెన్నుది, తుంటిది. మధ్యలో ఉన్న నడుము గట్టిగా నిలబడి, కాళ్ళలో పుట్టిన బలాన్ని పైకి పంపాలి.

ఇప్పుడు రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే మనిషిని ఊహించుకోండి. ఛాతీ వెన్ను వంగిపోయి బిగుసుకుంటుంది, తుంటి కూడా బిగుసుకుంటుంది. కానీ క్లబ్ తిరగాల్సిందే కాబట్టి తక్కువైన ఆ డిగ్రీలన్నీ నడుము దగ్గరే అప్పు తెచ్చుకుంటాడు. కుడిచేతి ఆటగాడికి డౌన్‌స్వింగ్‌లో బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చి, ఒళ్ళు ఎడమ తుంటి మీద తిరగాలి. ఆ తుంటి తిరగకపోతే భారం నేరుగా కింది వెన్ను మీద పడుతుంది. నా దగ్గరికి ఒక పెద్దాయన రెండేళ్ళుగా నడుం నొప్పితో వచ్చారు, నడుముకి చెయ్యని వ్యాయామం లేదు. చూస్తే ఎడమ తుంటి కుడిదాంట్లో సగం కూడా తిరగడం లేదు. మూడు నెలలు తుంటి మీదా, ఛాతీ వెన్ను మీదా పనిచేశాం. నొప్పి చాలావరకు తగ్గింది, మళ్ళీ 18 హోల్స్ ఆడుతున్నారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని మోకాళ్ళు దగ్గర పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, తుంటి కదలకుండా పై ఒంటిని పక్కకి తిప్పండి. రెండు వైపులా 45 డిగ్రీలు రావాలి. తర్వాత అలాగే కూర్చుని, మోకాళ్ళు కదలకుండా ఒక్కో పాదాన్ని బయటివైపు జరపండి, రెండు కాళ్ళకీ తేడా ఎంతుందో తెలుస్తుంది. తక్కువ ఉన్న చోటే మీ పని ఉంది. పక్కకి పడుకుని మోకాళ్ళు మడిచి పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం ఛాతీ వెన్నుకి మంచిది. నేల మీద కూర్చుని రెండు మోకాళ్ళూ ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి వాల్చడం తుంటికి మంచిది. నడుముకి మాత్రం తిప్పే వ్యాయామం బదులు నిలబెట్టే వ్యాయామాలు ఇవ్వండి: సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒంటిని నిటారుగా లేపి ఉంచడం), గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటిని పైకి లేపడం), పక్కనుంచి లాగే రబ్బర్ బ్యాండ్‌ని రెండు చేతులతో ఛాతీ ముందు చాపి పట్టుకుని ఒళ్ళు తిరగనివ్వకుండా ఆపడం.

కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, కాలు బలహీనపడటం ఉంటే ఇవేవీ మొదలుపెట్టకండి, ముందు డాక్టర్‌కి చూపించండి.

అపోహ: వెయిట్స్ ఎత్తితే ఒళ్ళు బిగుసుకుపోయి స్వింగ్ పాడవుతుంది

దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్‌కి కూడా ఆ రోజుల్లో ఇదే చెప్పారు. బరువులు ఎత్తే గోల్ఫర్ ఎక్కువకాలం ఆడలేడనేది అప్పటి నమ్మకం. ఆయన ఎత్తడం మానలేదు. 1965లో యూఎస్ ఓపెన్ గెలిచి 29 ఏళ్ళకే నాలుగు మేజర్లూ (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద నాలుగు టోర్నమెంట్లు) గెలిచినవాడయ్యాడు, మొత్తం 9 మేజర్లు గెలిచాడు. ఈనాడు పెద్ద టోర్నమెంట్లు ఆడేవాళ్ళలో జిమ్‌కి వెళ్ళని ఆటగాడిని వెతికి పట్టుకోవాలి.

కీలు పూర్తిగా కదిలేలా, నెమ్మదిగా బరువు ఎత్తితే కండరం బిగుసుకోదు, వంగే గుణం ఇంకా పెరుగుతుంది. ఒళ్ళు బిగుసుకునేది సగం సగం కదలికతో ఛాతీకీ చేతులకీ మాత్రమే బరువులెత్తి, కాళ్ళని వదిలేసినవాళ్ళకి. స్వింగ్‌లో బలం పాదాలు నేలని తొక్కడంతో మొదలవుతుంది. కాబట్టి స్క్వాట్ (గుంజీళ్ళలా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని లేపి నిలబడటం), రోయింగ్ (బరువుని ఒంటివైపు లాగడం), పుషప్, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం, ఇవి వారానికి రెండు రోజులు చాలు. కొన్ని వారాలు బలం పెంచుకున్నాక మెడిసిన్ బాల్‌ని (వ్యాయామానికి వాడే బరువైన బంతి) పక్కకి తిరిగి గోడకేసి విసరడం లాంటి వేగం పనులు కలపండి. బలం వేరు, ఆ బలాన్ని పావు సెకనులో వాడగలగడం వేరు. ఇంగ్లండ్ ఆటగాడు మ్యాట్ ఫిట్జ్‌పాట్రిక్ భారీ మనిషేమీ కాదు. స్పీడ్ ట్రైనింగ్‌తో స్వింగ్ వేగం పెంచుకుని 2022 యూఎస్ ఓపెన్ గెలిచాడు.

అపోహ: వార్మప్ అంటే వంగి కాలివేళ్ళు పట్టుకుని కాసేపు ఉండటం

ఒకే భంగిమలో నిమిషానికి మించి సాగదీసి ఉంచితే ఆ కండరం ఒక్కసారిగా బలం పెట్టే శక్తి కాసేపు తగ్గుతుంది. అలాంటి స్ట్రెచింగ్ ఆట అయ్యాక చేసుకోండి. ఆటకి ముందు కావలసింది కదలిక, ఒళ్ళు వెచ్చబడటం.

నేను చేయించేది 8 నిమిషాల పని, కారు పార్క్ చేసిన చోటే చేసుకోవచ్చు. మూడు నిమిషాలు గబగబా నడవండి. క్లబ్‌ని ఊతంగా పట్టుకుని ఒక్కో కాలిని ముందుకీ వెనక్కీ, పక్కలకీ పదేసి సార్లు ఊపండి. క్లబ్‌ని భుజాల మీద అడ్డంగా పెట్టి, తుంటి కదలకుండా పదిసార్లు తిరగండి. పది స్క్వాట్‌లు చెయ్యండి. ఒక కాలు ముందుకి వేసి రెండు మోకాళ్ళూ వంచి నిలబడి, ముందున్న కాలి వైపుకి అయిదేసి సార్లు తిరగండి. ఆ తర్వాత వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) సగం స్వింగ్‌లు, 7 ఐరన్‌తో (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) ముప్పావు, చివరికి డ్రైవర్‌తో గాలిలోనే మూడు స్వింగ్‌లు, ఒక్కోసారి వేగం పెంచుకుంటూ.

అపోహ: ఛారిటీ ఆట స్క్రాంబుల్ కదా, ఒంటి మీద భారం తక్కువ

చాలామంది నమ్మేది ఇదే. నిజానికి వ్యవహారం తిరగబడి ఉంటుంది. స్క్రాంబుల్‌లో టీమ్‌లో నలుగురూ కొడతారు, నాలుగు బంతుల్లో బాగున్నదాన్ని ఎంచుకుని నలుగురూ మళ్ళీ అక్కడినుంచే కొడతారు. కొత్తగా ఆడేవాళ్ళకి టెన్షన్ ఉండదు, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) లేనివాళ్ళూ కలిసి ఆడగలరు, అందుకే ఛారిటీ ఆటలకి ఇది అంత బాగా సరిపోతుంది. కానీ ఒక బంతి అప్పటికే ఫెయిర్‌వే (టీ నుంచి గుంత వైపు సాగే, గడ్డి కత్తిరించిన దారి) మధ్యలో పడి ఉందనుకోండి, మిగతా ముగ్గురూ ఏం చేస్తారు? పోయేదేమీ లేదని ఉన్న బలమంతా పెట్టి బాదుతారు. అలా రోజంతా గరిష్ఠ వేగంతో కొడుతూనే ఉంటారు.

దానికి తోడు షాట్‌గన్ స్టార్ట్. అన్ని టీమ్‌లూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెడతాయి కాబట్టి కోర్సు నిండిపోయి, ప్రతి టీ దగ్గరా పది పదిహేను నిమిషాలు ఆగాల్సి వస్తుంది, రౌండ్ అయిదు గంటలు దాటుతుంది. కార్ట్‌లో కూర్చుని చల్లబడ్డ ఒంటితో లేచి మళ్ళీ పూర్తి వేగంతో ఒక స్వింగ్. మధ్యలో ఒక హోల్ దగ్గర లాంగెస్ట్ డ్రైవ్ పోటీ, అంటే ఎవరు ఎక్కువ దూరం కొడతారో చూడటం. నడుములు పట్టేసేది ఎక్కువగా ఆ హోల్ దగ్గరే అని నా అనుభవం.

అందుకని ఆగినప్పుడు కార్ట్ దిగి నిలబడండి, మీ వంతు వచ్చే ముందు తుంటి అయిదుసార్లు తిప్పి ఒక ప్రాక్టీస్ స్వింగ్ వెయ్యండి. లాంగెస్ట్ డ్రైవ్ దగ్గర, ప్రాక్టీస్‌లో ఎప్పుడూ కొట్టనంత వేగం ఆ రోజే ప్రయత్నించకండి. మల్లిగన్‌లు (పాడైన షాట్‌ని మళ్ళీ కొట్టే అవకాశాలు) తప్పకుండా కొనండి, ఆ డబ్బు మంచి పనికే వెళ్తుంది. వాటిని డ్రైవర్ మీద కాకుండా పుట్‌ల మీద వాడండి, స్కోరూ తగ్గుతుంది (గోల్ఫ్‌లో తక్కువ స్కోరే మంచిది), నడుమూ మిగులుతుంది.

అపోహ: ఈవెంట్‌కి ముందు వారం బకెట్ల కొద్దీ బంతులు కొట్టేస్తే సరిపోతుంది

వద్దు. అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా 200 స్వింగ్‌లు పెడితే మోచెయ్యి, మణికట్టు ముందు మొరాయిస్తాయి. నొప్పి మోచేతి లోపలివైపే వస్తుందని దానికి 'గోల్ఫర్స్ ఎల్బో' అని పేరొచ్చింది గానీ, సరదాగా ఆడేవాళ్ళలో బయటివైపు నొప్పి కూడా చాలా ఎక్కువ. క్లబ్‌ని పిడికిలి బిగించి పట్టుకోవడం, గట్టి మ్యాట్ మీద గంటల తరబడి కొట్టడం దీన్ని పెంచుతాయి. వీలైతే 8 వారాల ముందు మొదలుపెట్టండి: వారానికి రెండు రోజులు బలం పని, రెండు మూడు రోజులు వేగంగా నడక, ఒక రోజు 30 బంతులతో మొదలెట్టి నెమ్మదిగా పెంచుతూ ప్రాక్టీస్. ఆఖరి మూడు నాలుగు రోజులు తేలిగ్గా ఉండండి.

అపోహ: కార్ట్‌లో తిరిగితే ఒళ్ళు కాపాడుకున్నట్టు

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కార్ట్ అవసరమే. మిగతావాళ్ళు కనీసం సగం హోల్స్ నడవండి. బ్యాగు 10, 15 కిలోలు ఉంటుంది, ఒక భుజానికి వేలాడదీసుకుని మొయ్యకండి, తోసుకెళ్ళే ట్రాలీ వాడండి.

అపోహ: అరవై దాటాక బలం పెంచుకునే వయసు కాదు

టామ్ వాట్సన్ 2009లో 59 ఏళ్ళ వయసులో టర్న్‌బెర్రీలో బ్రిటిష్ ఓపెన్ గెలిచినంత పని చేసి ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైతే ఆడే అదనపు ఆట) ఓడిపోయాడు. ఫిల్ మికెల్సన్ 2021లో 50 ఏళ్ళకి పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. బెర్న్‌హార్డ్ లాంగర్ 2023లో 65 ఏళ్ళకి యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచాడు. వాళ్ళు జీవితమంతా ఆడినవాళ్ళే, నిజమే. కానీ వయసుతో ముందు తగ్గేది వేగంగా బలం పెట్టగలగడం, వ్యాయామం చేస్తే ఏ వయసులోనైనా అది కొంత తిరిగి వస్తుంది. నా దగ్గర అందరికన్నా త్వరగా మెరుగయ్యేది అరవై దాటి మొదటిసారి బరువులు పట్టినవాళ్ళే. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి.

అపోహ: ఆటగాళ్ళ ఒంటి సంగతి నిర్వాహకులకి సంబంధం లేదు

ఉంది. వచ్చేవాళ్ళలో చాలామంది మధ్యవయసు దాటినవాళ్ళు, ఏడాదికి ఒకటి రెండుసార్లే ఆడేవాళ్ళు, అది ముందే తెలిసిన సంగతే. ప్రసంగాలు ముందు పెట్టి, కార్ట్‌లు కదిలే ముందు ఒక పది నిమిషాలు అందరిచేతా వార్మప్ చేయించండి, ఎవరూ కాదనరు. మూడు నాలుగు హోల్స్‌కి ఒకచోట తాగునీళ్ళు పెట్టండి.

డీఫిబ్రిలేటర్ (ఆగిన గుండెకి కరెంట్ షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడుందో ప్రతి వాలంటీర్‌కీ చూపించండి. గుండె ఆగిపోతే షాక్ ఇవ్వడంలో ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికీ, సీపీఆర్ (ఛాతీ మీద నొక్కుతూ గుండెకి ఊతమివ్వడం) కూడా చెయ్యకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. షాట్‌గన్ స్టార్ట్‌లో మనుషులు కోర్సంతా చెదిరి ఉంటారు. 14వ హోల్ దగ్గర ఎవరైనా పడిపోతే అక్కడికి కార్ట్ ఏ దారిన త్వరగా వెళ్తుందో ముందే ఒకసారి నడిపి చూసుకోవాలి. ఉరుము వినిపిస్తే ఆట ఆపించి అందర్నీ భవనంలోకి రప్పించండి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి పంపకండి. స్కోర్ కార్డు వెనక ఎమర్జెన్సీ ఫోన్ నంబరు, హోల్స్ మ్యాప్ అచ్చు వేయించండి, ప్రతి కార్ట్‌లో స్కోర్ కార్డు ఎలాగూ ఉంటుంది.