ఎండ కాసే రోజుల్లో గీసే పటం

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఎక్కడో ఆఫ్రికాలోని ఊళ్లలో ఇళ్ల కప్పుల చుట్టూ గీతలు గీయించారని, అది ఆటో పాఠమో తేలలేదని రాశారు. రెండూ కాదర్రా, అది పని. ఎవరికి పనికొస్తుందో చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. చెట్లు రోడ్ల మీద పడ్డాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, తీరంలోని జనాన్ని ఖాళీ చేయించారు. అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ హెచ్చరిక తర్వాత మొదలయ్యే పని వేరు. పొరుగు జిల్లా నుంచి మంచినీళ్లు, మందులు తెచ్చిన మనిషికి జాలరిపేటలో ఏ సందు చివర బండి ఆగిపోతుందో, కొండవాలు ఇళ్లకు మెట్లదారి ఎక్కడ మొదలవుతుందో ఎలా తెలుస్తుంది? అడుగుదామంటే ఫోను లేదు, తెలిసినవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లారు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కు ఎవరైనా వాడుకోదగ్గ వివరమైన పటం దాదాపు లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, అందరూ కలిసి గీసుకునే ప్రపంచ పటం ఒకటి 2004 నుంచి ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ రాత్రింబవళ్లు ఆ నగరం రోడ్లను అందులో గీశారు. సహాయక బృందాలు ఆ పటాన్నే పట్టుకుని తిరిగాయి. గొప్ప సంగతే. అయినా శిథిలాల కింద మనుషులుండగా రోడ్లు గీయడం మొదలుపెట్టడమేమిటి అని నాకు అనిపిస్తుంది. ఆ పని చేసినవాళ్లకూ అలాగే అనిపించి ఉండాలి. రెడ్‌క్రాస్, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, ఇంకొందరు కలిసి 2014 నవంబరులో, అంటే హుద్‌హుద్ వచ్చిన మరుసటి నెలలోనే, ‘మిస్సింగ్ మ్యాప్స్’ మొదలుపెట్టారు. ఆపద రాకముందే పటంలో లేని ఊళ్లను పటంలోకి ఎక్కించడం వాళ్ల పని. మీచేత గీయించినది అలాంటిదే.

నేపాల్ సంగతి ఇంకా బాగుంటుంది. 2015 ఏప్రిల్ 25న అక్కడ భూమి కంపించేసరికే ఖాట్మండూ కుర్రాళ్లు కొందరు తమ నగరంలోని బడులు, ఆసుపత్రులు, వీధులు పటంలో పెట్టి ఉంచారు. బయటివాళ్లు వచ్చి సున్నా నుంచి మొదలుపెట్టే అవసరం లేకపోయింది.

కప్పులు ఎందుకు లెక్కపెట్టాలంటారా? ఒక్కో కప్పు కింద సగటున ఇంతమంది అనుకుంటే ఊళ్లో ఎందరున్నారో అంచనా దొరుకుతుంది. దాన్నిబట్టి టీకాలు, టార్పాలిన్లు, బియ్యం బస్తాలు ఎన్ని కావాలో తేల్చుకుంటారు. ఎంతమంది వస్తారో అంచనా లేకుండా పెళ్లివారు ఎసరు పెట్టరు కదా. అందుకే గీత శుభ్రంగా ఉండాలి. ఉపగ్రహం పక్కనుంచి చూసినప్పుడు కప్పు ఒకచోట, గోడల పునాది ఇంకోచోట కనిపిస్తాయి. గీయవలసింది పునాది దగ్గర. చెట్టు నీడను ఇల్లనుకోకండి. పటాన్ని గడులుగా విడగొట్టి ఒక్కో గడి ఒక్కొక్కరికి ఇస్తారు, గీసినదాన్ని వేరొకరు సరిచూస్తారు. మీరు గీసినది ఎవరైనా దిద్దితే అలగకండి. లేని దారిని ఉన్నట్టు చూపించే పటం కన్నా ఖాళీ పటం మేలు, ఖాళీగా ఉంటే కనీసం ఎవరినైనా అడుగుతారు.

ఇంతా చేసి, ఆకాశం నుంచి పేర్లు కనిపించవు. పాడేరు వైపు కొండల్లో రోడ్డు లేని గూడేలున్నాయి. జబ్బుపడిన మనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు. ఆ కాలిబాట చెట్ల కింద ఉంటుంది, ఏ ఉపగ్రహానికీ చిక్కదు. వానకు గెడ్డ పొంగితే ఏ దారి తెగుతుంది, అంబులెన్సు ఎక్కడిదాకా రాగలదు, ఇవి అక్కడ నడిచేవాళ్లే చెప్పాలి. లండన్‌లో కూర్చున్నవాడు గీత గీయగలడు, అది ఎవరి ఊరో చెప్పలేడు.

అయితే తెలిసినదంతా పటంలో పెట్టేయకండి. ఏ ఇంట్లో ఎవరుంటారు, ఎవరికి ఏ జబ్బు, ఫోను నంబర్లు అందులోకి ఎక్కకూడదు. అది లోకమంతా చూసే పటం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మన వీధి నుంచి తుఫాను షెల్టరు దాకా నడుద్దాం. ముందుగానే ఈ ప్రాంతం పటాన్ని ఫోనులోకి దించుకోండి, అప్పుడు ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కాగితం మీద కూడా ఒకటి అచ్చు వేయించుకు రండి, నా కళ్లకు ఫోను ఆనదు. బోరింగులు, మెట్లదారులు, ఆటో పట్టని సందులు, చక్రాల కుర్చీ వెళ్లలేని చోట్లు, అన్నీ రాసుకుందాం. సందుల పేర్లు నాకు తెలియకపోతే చేపలమ్మే అమ్మలను అడుగుదాం, వాళ్లకు తెలియని గుమ్మం లేదు.

మీ తాతయ్య