పచ్చ టిక్కు పడితే నల్లి పోయినట్టేనా? తేనెటీగల యాప్ రికార్డులపై అపోహలు - వాస్తవాలు

"యాప్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయండీ, మరి ఈగలు రెక్కలు ముడతలు పడి పుడుతున్నాయేంటి?"

తేనెటీగలు పెంచేవాళ్లకు వరోవా నల్లి (ఈగల్నీ వాటి పిల్లల్నీ పట్టి పీడించే చిన్న పరాన్నజీవి) లెక్కలు, మందుల రికార్డులు ఫోన్‌లో రాసుకోవడం నేర్పించడం నా పని. ఈ ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ వస్తుంది. అడిగేవాళ్లు నిర్లక్ష్యంగా ఉండేవాళ్లేమీ కాదు, నిజానికి మిగతావాళ్ల కంటే జాగ్రత్తపరులు. ఫోన్ తెరిచి చూపిస్తారు. మందు పెట్టిన తేదీ ఉంటుంది, డోసు ఉంటుంది, పెట్టెలో స్ట్రిప్ (మందు పట్టించిన పట్టీ) వేలాడుతున్న ఫొటో కూడా ఉంటుంది. మందు తీసేశాక నల్లి ఎంత మిగిలిందన్న లెక్క మాత్రం ఉండదు. అందుకే ముందు ఆ ఒక్క అపోహ సంగతి తేల్చి, మిగతావాటికి తర్వాత వస్తాను.

అపోహ: మందు వేసినట్టు యాప్‌లో నమోదైతే ఆ పెట్టె పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆ టిక్కు మీరు పని చేశారని మాత్రమే చెబుతుంది. మందు పనిచేసిందో లేదో దానికి తెలియదు. జ్వరం మాత్ర ఎప్పుడు వేసుకున్నారో రాసిపెట్టుకుని థర్మామీటర్ ముట్టుకోకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఒక ఉదాహరణ చూడండి. మందుకు ముందు సగం కప్పు ఈగల్ని, అంటే సుమారు 300 ఈగల్ని వాష్ చేశారు, అంటే ఆల్కహాల్‌లోనో సబ్బు నీళ్లలోనో కుదిపి నల్లిని రాల్చి లెక్కపెట్టారు. 12 నల్లులు రాలాయి. అంటే నూటికి 4. స్ట్రిప్పులు పెట్టారు, లేబుల్ ప్రకారం ఉంచారు, తీసేశారు. యాప్ "చికిత్స పూర్తయింది" అంది. మళ్లీ వాష్ చేస్తే 9 వచ్చాయనుకోండి. నూటికి 3. తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. వారాల తరబడి మందు ఉంచినా నాలుగింట మూడొంతుల నల్లి అలాగే ఉంది. ఆ పెట్టెలో మందు ఫెయిలైంది. నల్లికి ఆ మందు అలవాటు పడి ఉండొచ్చు, స్ట్రిప్పులు ఈగల గుంపుకు దూరంగా పెట్టి ఉండొచ్చు, పక్కన కూలిపోతున్న పెట్టెను దోచుకుని మన ఈగలే కొత్త నల్లిని మోసుకొచ్చి ఉండొచ్చు. కారణం ఏదైనా రెండో లెక్క లేకపోతే ఇదంతా కనపడదు. మొదటి లెక్క లేకపోయినా అంతే. ముందెంత ఉందో తెలియనప్పుడు, తర్వాత వచ్చిన 9ని దేనితో పోల్చుతారు?

రెండో లెక్క ఎప్పుడు వేయాలన్నది అంతకన్నా ముఖ్యం. చాలామంది తొందరపడేది ఇక్కడే. నల్లికి వాడే మందుల్లో ఒకటైన ఆక్సాలిక్ యాసిడ్, పిల్ల (ఇంకా ఈగలుగా మారని పురుగులు) ఉన్న గళ్ల మీది మైనపు మూతల లోపలికి వెళ్లదు. పిల్ల ఉన్న కాలంలో నల్లిలో ఎక్కువ భాగం మూతేసిన పిల్ల గళ్లలోనే దాక్కుని ఉంటుంది. కూలి ఈగ పిల్ల సుమారు 12 రోజులు మూత కింద ఉంటుంది, మగ ఈగ పిల్ల ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ. ఆక్సాలిక్ వేసిన మర్నాడు వాష్ చేస్తే ఈగల మీదున్న నల్లి చచ్చిపోయి ఉంటుంది కాబట్టి లెక్క అద్భుతంగా వస్తుంది. మూతలు తెరుచుకున్నాక చూడండి అసలు సంగతి.

కొత్తగా పెంపకం మొదలుపెట్టిన ఒకావిడ మందు వేసినా నల్లి పోలేదని రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేశారు, గొంతులో ఏడుపు. గ్రూపులో ఎవరో "మీకు నకిలీ మందు అంటగట్టారు, ఈసారి రెట్టింపు వేయండి" అన్నారట. ఆ మహానుభావుడు ఆవిడ రికార్డు చూడనేలేదు. నేను యాప్ స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. డోసు సరిగ్గానే ఉంది, పద్ధతీ సరిగ్గానే ఉంది. వాష్ మాత్రం ఆక్సాలిక్ వేసిన మర్నాడే చేశారు. సున్నా వచ్చింది. ఇక నిశ్చింతగా వదిలేశారు. అప్పుడు ఐదారు ఫ్రేముల (పట్టు ఉండే చట్రాల) నిండా మూతేసిన పిల్ల ఉంది. మూడు వారాల తర్వాత చేసిన వాష్‌లో నల్లి దండిగా కనపడింది. "మీ చేతిలో తప్పేం లేదమ్మా, మందులోనూ లేదు, లెక్క వేసిన రోజు మిమ్మల్ని మోసం చేసింది" అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. తర్వాత పగటి వేడి లేబుల్ చెప్పిన హద్దుల్లో ఉన్నప్పుడు చూసుకుని, మూతల లోపలికి వెళ్లే ఫార్మిక్ యాసిడ్‌కు మారారు. రెట్టింపు డోసు గనక వేసి ఉంటే ఈగలకే ముప్పు వచ్చి ఉండొచ్చు.

కాబట్టి పిల్ల ఉన్నప్పుడు ఆక్సాలిక్ వేస్తే, మూతేసిన పిల్లంతా బయటికి వచ్చేదాకా ఆగి, అంటే రెండు మూడు వారాలకు, లెక్క వేయండి. స్ట్రిప్పులైతే తీసేశాక. యాప్‌లో రిమైండర్ పెట్టుకోవాల్సింది దీనికి.

ఇంకో మెలిక ఉంది, దీన్ని యాప్ గ్రాఫ్ అస్సలు చెప్పదు. వాష్ లెక్క పెద్ద ఈగల మీద ఉన్న నల్లిది మాత్రమే. రాణి గుడ్లు తగ్గించే కాలంలో నల్లికి దూరడానికి గళ్లు తగ్గిపోతాయి, ఎక్కువ భాగం ఈగల మీదికి వచ్చేస్తుంది. అప్పుడు పెట్టెలో మొత్తం నల్లి పెరగకపోయినా వాష్ సంఖ్య ఎగబాకుతుంది. పిల్ల విపరీతంగా పెరుగుతున్న కాలంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. నల్లి మూతల కింద పెరుగుతూ ఉంటుంది, వాష్ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. అందుకే నల్లి సంఖ్య పక్కనే మూతేసిన పిల్ల ఎన్ని ఫ్రేములుందో రాయండి. యాప్‌లో దానికి గడి లేకపోతే నోట్స్‌లో రాయండి. ఐదు సెకన్ల పని.

అపోహ: మందు మార్చాను, అలవాటు పడే సమస్య ఉండదు.

వాస్తవం: మార్చింది డబ్బా పేరా, లోపలి మందా? ఎపిస్టాన్‌లో ఉండేది ఫ్లువాలినేట్, బేవరాల్‌లో ఫ్లూమెత్రిన్. రెండూ పైరెత్రాయిడ్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులే. ఒకదానికి తట్టుకున్న నల్లి రెండోదానికీ తట్టుకుంటుంది. ఎపివార్, ఎపిట్రాజ్ రెండింటిలోనూ ఉండేది అమిట్రాజే. చాలా యాప్‌లలో బ్రాండు పేరు ఎంచుకుంటే సరిపోతుంది, కాబట్టి రికార్డు చూస్తే "మార్చి మార్చి వాడారు" అన్నట్టు అందంగా కనిపిస్తుంది. బ్రాండుతో పాటు అసలు మందు పేరు, బ్యాచ్ నంబరు కూడా రాయండి.

పెట్టిన తేదీ రాసి తీసిన తేదీ రాయకపోవడం కూడా ఈ కోవలోదే. తేదీ రాయలేదంటే చాలాసార్లు స్ట్రిప్ తీయలేదనే అర్థం. నెలల తరబడి వదిలేసిన స్ట్రిప్‌లో చావని నల్లిని తయారుచేసేంత మందు మాత్రం మిగులుతుంది. ఫ్లువాలినేట్‌కు తట్టుకునే నల్లి యూరప్‌లో 1990ల మొదట్లోనే బయటపడింది. పైగా అది కొవ్వులో కరిగే రకం మందు, మైనంలో పేరుకుపోతుంది.

అపోహ: పెట్టెకు నంబరు ఉంది కదా, రికార్డు దానికే అంటుకుని ఉంటుంది.

వాస్తవం: మీ నంబరు మూత మీద ఉందా? అయితే రేపు సూపర్ (తేనె కోసం పైన పెట్టే గది) ఎక్కించేటప్పుడు రెండు మూతలు తారుమారవుతాయి, 7వ పెట్టె చరిత్ర 8కి వెళ్లిపోతుంది. నంబరు పిల్ల గది మీద రాయండి. అంతకన్నా పెద్ద చిక్కు కుటుంబాన్ని విడదీసినప్పుడు వస్తుంది. కొత్త పెట్టె యాప్‌లో పుట్టుకతోనే శుభ్రంగా, ఏ చరిత్రా లేకుండా కనిపిస్తుంది. కానీ దాంట్లోకి వెళ్లిన పిల్ల ఫ్రేములతో పాటు నల్లీ వెళ్లింది, పాత మందు అంటిన మైనమూ వెళ్లింది. "ఫలానా నంబరు నుంచి విడదీసింది, తల్లి పెట్టెకు చివరి మందు ఇది, చివరి లెక్క ఇంత" అని మొదటి నోట్‌లోనే రాయాలి. రెండు కుటుంబాలు కలిపినా ఇదే పద్ధతి.

అపోహ: నల్లి సంఖ్య వేస్తే చాలు, మిగతాది యాప్ చూసుకుంటుంది.

వాస్తవం: ఏ సంఖ్య? ఒకరు వాష్‌లో రాలిన 9 వేస్తారు. అదే పెట్టెకు ఇంకొకరు నూటికి లెక్కగట్టి 3 వేస్తారు. ఇంకో రోజు బాటమ్ బోర్డు (పెట్టె అడుగు పలక) మీద పడిన 20 వేస్తారు. యాప్ ఈ మూడు చుక్కల్నీ వరసగా కలిపి గీత గీస్తుంది. ఆ గీతకు అర్థమే లేదు. షుగర్ రోల్‌లో (ఈగల్ని చంపకుండా పొడి చక్కెరలో దొర్లించి నల్లిని రాల్చే పద్ధతి) సాధారణంగా వాష్ కంటే తక్కువ నల్లి రాలుతుంది కాబట్టి ఆ రెండింటినీ కూడా ఒకే గీత మీద పెట్టకండి. ఒక పద్ధతి ఎంచుకోండి, దాని పేరు రాయండి, ఎన్ని ఈగలకు ఎన్ని నల్లులో రాయండి.

నల్లి ఎంత దాటితే యాప్ హెచ్చరించాలో చెప్పే గీత సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలా చోట్ల నూటికి 2 లేదా 3 దగ్గర పెడతారు. అది కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. యాప్ చేసినవాళ్లు తమ దగ్గరి లెక్క పెట్టి ఉంటారు. సెట్టింగ్స్‌లో మార్చుకోండి. ఇంకో మాట, 300 ఈగల్లో పోయినసారి 2, ఈసారి 4 వచ్చాయని యాప్ "100 శాతం పెరుగుదల" అని ఎర్ర బాణం చూపిస్తే టెన్షన్ పడకండి. అంత చిన్న సంఖ్యల్లో ఆ తేడా కేవలం ఏ ఈగలు కప్పులో పడ్డాయన్నదాని వల్ల కూడా రావచ్చు. మళ్లీ వాష్ చేసి చూడండి, లేదా పక్క పెట్టెలు కూడా చూడండి. 2 నుంచి 14కి వెళితే అప్పుడు కంగారు పడండి, నేనూ పడతాను.

వాష్ చేయడానికే మనసొప్పనివాళ్లు ఉంటారు. 300 ఈగల్ని చంపాలా అని బాధపడతారు. ఆ బాధను నేను ఎగతాళి చేయను, ఈగల్ని ప్రేమించేవాళ్లే అలా అడుగుతారు. కానీ మంచి కాలంలో రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. మీరు తీసిన ఈగలు ఆ కుటుంబానికి కొన్ని గంటల లోటు. లెక్క వేయకపోతే పోయేది కుటుంబం మొత్తం. ఒక్కటే జాగ్రత్త, పిల్ల ఫ్రేము మీది ఈగల్ని తీయండి, తీసేముందు ఆ ఫ్రేము మీద రాణి లేదని రెండుసార్లు చూసుకోండి. మరీ మనసొప్పకపోతే షుగర్ రోల్ చేయండి, పద్ధతి పేరు మాత్రం రాయండి.

"ఒక పెట్టె లెక్కిస్తే తోట మొత్తానికీ అదే కదా" అంటారు. కాదు. పక్కపక్క పెట్టెల్లోనే ఒకదానిలో 1, ఇంకోదానిలో 15 చూశాను.

"ఫోన్ కెమెరాతో ఫ్రేము ఫొటో తీస్తే యాపే నల్లిని లెక్కపెడుతుందట కదా" అనేది మరొకటి. బోర్డు మీద రాలిన నల్లిని ఫొటోలో లెక్కపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి, బాగానే పనికొస్తాయి. ఫ్రేము మీద ఈగల ఫొటో వేరు. నల్లి చాలాసార్లు ఈగ పొట్ట కిందివైపు, పొలుసుల మధ్య దూరి ఉంటుంది. ఫొటోలో కనపడలేదంటే లేదని అర్థం కాదు.

ఇక ఫోన్ రేడియేషన్ పుకారు. "పెట్టె దగ్గరికి ఫోన్ తీసుకెళితే ఈగలు పారిపోతాయి, యాప్ వద్దు" అని ఇప్పటికీ ఫార్వర్డులు వస్తున్నాయి. దీని మూలం జర్మనీలో జరిగిన ఒక చిన్న ప్రయోగం. పెట్టెల్లో కార్డ్‌లెస్ ఫోన్ బేస్ స్టేషన్లు పెట్టి ఈగలు తిరిగి వస్తాయా అని చూశారు. అందులో సెల్‌ఫోన్లే లేవు. 2007లో అది పత్రికలకెక్కి "సెల్‌ఫోన్లు తేనెటీగల్ని చంపుతున్నాయి" అయింది. ఫోన్ జేబులో పెట్టుకుని నిశ్చింతగా వెళ్లండి. ఫోన్‌తో వచ్చే అసలు ఇబ్బంది బంక అంటిన గ్లవ్స్‌తో స్క్రీన్ పనిచేయకపోవడం. దాన్ని సాకుగా "ఇంటికెళ్లి రాద్దాంలే" అనుకుంటారు, ఇంటికెళ్లేసరికి 4వ పెట్టెదీ 5వ పెట్టెదీ కలిసిపోతాయి. గొంతుతో చెప్పి రికార్డు చేసుకోండి. లేదా పెట్టె మూత కింద పెన్సిల్‌తో సంఖ్య గీసి అక్కడే ఫొటో తీయండి, యాప్‌లో తర్వాత ఎక్కించండి.

నోటు పుస్తకంలో రాసేవాళ్లు వెనకబడ్డవాళ్లేమీ కాదు. ముందు లెక్క, మందు, తీసిన తేదీ, తర్వాతి లెక్క పుస్తకంలో ఉంటే, అవి లేని యాప్ కంటే ఆ పుస్తకమే మేలు.

చివరగా బ్యాకప్. "క్లౌడ్‌లో ఉంటుందిగా" అంటారు. యాప్ మూతపడితే, లాగిన్ మరిచిపోతే ఉండదు. యూరోపియన్ యూనియన్, బ్రిటన్‌లలో తేనెటీగలకు వాడిన మందుల రికార్డు ఐదేళ్లు ఉంచాలన్నది నియమం. మీ దగ్గర నియమం ఏదైనా, ఐదేళ్ల కిందటి ఫోన్ ఇప్పుడు మీలో ఎంతమంది దగ్గరుంది? సీజన్ అయ్యాక ఒకసారి ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఫైలు మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఎక్స్‌పోర్ట్ ఆప్షనే లేని యాప్ అయితే, పెట్టెలన్నీ అందులోకి ఎక్కించక ముందే వేరేది చూసుకోండి.