ఆకలిని ఆపబోయి మనసును కుంగదీసిన మందు

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ 2025 జూన్‌లో మన దేశంలోకి వచ్చాక వరంగల్, హనుమకొండల్లోనూ దాని గురించి ఆరా తీసేవారు కనిపిస్తున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు కాబట్టి ఆ ఆరాటాన్ని తప్పుపట్టలేం. అయితే ఆకలిని మందుతో అణచాలన్న ప్రయత్నం ఒకటి ఇదివరకే జరిగి, విఫలమైంది.

ఆ ప్రయత్నం కథ గంజాయితో మొదలవుతుంది. గంజాయి ఆకలిని పెంచుతుందన్నది పాత అనుభవమే. అందులో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీని ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియెల్ గాయోని 1964లో వేరుచేయగా, మెదడు కణాలపై అది అతుక్కుని పనిచేసే చోటు, అంటే సీబీ1 గ్రాహకం, 1988లో బయటపడింది. మొక్కలోని పదార్థానికి మన మెదడులో గ్రాహకం ఎందుకన్న ప్రశ్నకు 1992లో జవాబు దొరికింది: అలాంటి పదార్థాలను శరీరమే తయారు చేసుకుంటుంది. వాటినే ఎండోకానబినాయిడ్లు అంటున్నారు. మొదట దొరికింది ఆనందమైడ్. 2-ఏజీ అనే మరొకటి 1995లో వెలుగులోకి వచ్చింది.

ఆ సంవత్సరాల్లోనే ఆకలి హార్మోన్ల సంగతీ తెలిసింది. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో కనుగొన్న లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వెలువడి, నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు తెలుపుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో గుర్తించిన గ్రెలిన్ ఖాళీ కడుపు నుంచి వచ్చి ఆకలి పుట్టిస్తుంది. లెప్టిన్ ఇచ్చినప్పుడు ఎలుకల మెదడులో ఆకలిని నియంత్రించే హైపోథాలమస్ భాగంలో, ఆకలి పెంచే ఎండోకానబినాయిడ్లు తగ్గుతాయని 2001లో తేలింది. ఊబకాయుల్లో చాలామందికి లెప్టిన్ పుష్కలంగానే ఉన్నా మెదడు దానికి సరిగా స్పందించదు. పైగా పొట్టలో కొవ్వు పేరుకున్నవారి రక్తంలో 2-ఏజీ ఎక్కువగా కనిపించింది. కడుపు నిండినవారు కేవలం రుచి కోసం ఇష్టమైనది తిన్నప్పుడు గ్రెలిన్, 2-ఏజీ రెండూ పెరగడాన్ని ఇటలీ పరిశోధకులు 2012లో గమనించారు. సంక్రాంతి భోజనం ముగిశాక కూడా సకినాల మీదికి చెయ్యి పోవడం వెనుక ఇంత యంత్రాంగం ఉండగా, లావుగా ఉన్నవారిని నిగ్రహం లేనివారని చిన్నబుచ్చడం అన్యాయం.

సీబీ1ను అడ్డుకుంటే బరువు తగ్గుతుందన్న ఆలోచనతో వచ్చిన రిమొనబాంట్ అనే మందుకు ఐరోపా 2006లో అనుమతినిచ్చింది. ఏడాది వాడినవారు సగటున ఆరున్నర కిలోలు తగ్గగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు రెండు కిలోల లోపే తగ్గారు. కానీ ఆ గ్రాహకం ఆకలితో పాటు మనసు స్థితినీ నడుపుతుంది. కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు పెరిగాయి. అమెరికా నిపుణుల కమిటీ 2007లో ఏకగ్రీవంగా వద్దంది. 2008 అక్టోబరులో ఐరోపా అమ్మకాలు ఆపించింది. భారత్ 2009లో నిషేధించింది.

సెమాగ్లుటైడ్ పనిచేసేది వేరే దారిలో, జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ గ్రాహకం ద్వారా. కాబట్టి రిమొనబాంట్ దోషాన్ని దానికి అంటగట్టకూడదు. సీబీ1పై ఆశ మాత్రం చావలేదు. మెదడులోకి అంతగా చొరబడకుండా రూపొందించిన మోన్లునబాంట్ అనే కొత్త సీబీ1 నిరోధక మందు 2024 ప్రయోగాల్లో బరువును తగ్గించింది గాని, అందులోనూ ఆందోళన, నిద్రలేమి వంటి లక్షణాలు కనిపించాయి.