ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది

చీమకుర్తి క్వారీల దారిలో రోజూ తిరిగే బండికి, కొత్తపట్నంలో సముద్రపు గాలికి వాకిట్లో నిలబడే బండికి ఒకే రకం రోగాలు రావు. రెండూ ఒంగోలుకు దగ్గరి ఊళ్ళే, రెండూ అదే పాత 100 సీసీ మోటారుసైకిళ్ళే, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉన్నవే కావచ్చు. కానీ ఒకదాన్ని రాతిదుమ్ము తినేస్తుంది, రెండోదాన్ని ఉప్పుగాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ నియమాలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు కార్బురేటర్ వదిలి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్‌కు మారిపోయాయి. పాత బండిలో లోపల ఏం జరుగుతోందో మాత్రం ఒక్క స్పానరుతో మన కళ్ళతోనే చూడొచ్చు. నాకు అవంటే ఇష్టం అందుకే.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్క కుదిరిందో లేదో, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు చెబుతుంది. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి, కొసన ఉండే పింగాణీని వెలుతురులో పట్టి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే అంతా బాగున్నట్టే. వేలికి అంటే పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలట్లేదు. బాగా తెల్లబడితే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతోంది. నల్లగా, జిడ్డుగా ఉంటే లోపలికి ఇంజనాయిల్ చేరుతోంది, ఆయిల్‌ను ఆపే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో అరిగి ఉంటాయి. అది ఇంట్లో తేలే పని కాదు, మెకానిక్కుకు ఇవ్వాల్సిందే. ప్లగ్గును తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. ప్లగ్గు కూర్చునే ఇంజను పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియంది, మర వంకరగా ఎక్కితే పాడైపోతుంది.

క్వారీల వైపు తిరిగే బండిలో పొడి మసి కనబడితే ముందు ఎయిర్ ఫిల్టర్ తీయండి. స్పాంజి రకమైతే సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి పెట్టుకోవచ్చు. కాగితం రకాన్ని కడగకూడదు, మార్చేయడమే. ఫిల్టర్ లేకుండా మాత్రం ఒక్కరోజు కూడా నడపొద్దు. గ్రానైట్ పొడిలోని ఖనిజాలు సిలిండరు ఇనుముకన్నా గట్టివి, లోపలి గోడను గీరేస్తాయి.

సముద్రం వైపు బండికి ముందు దెబ్బతినేవి కరెంటు జాయింట్లు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ ఉప్పుతడిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట తుప్పు జోరుగా పడుతుంది. లైటు మసకబారి హారన్ గొంతు పూడుకుపోతే బ్యాటరీని అనుమానించే ముందు ఎర్త్ వైరు చూడండి. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగించిన బోల్టు దగ్గర మెరుపు వచ్చేదాకా ఎమరీ కాగితంతో రుద్దండి. గట్టిగా బిగించాకే పైన వాసెలిన్ రాయాలి. వాసెలిన్‌లో కరెంటు పారదు, దాని పని తడి చేరకుండా ఆపడమే.

నెలల తరబడి నిలబెట్టిన బండి, గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతోందా? పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు కార్బురేటర్‌లోని పైలట్ జెట్‌కు, అంటే నెమ్మదిగా నడిచేటప్పుడు పెట్రోలు అందించే సన్నటి రంధ్రానికి, అడ్డుపడి ఉంటుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇంజనుకు వెళ్ళేది ఆ అడుగుదే. పొయ్యికీ దీపానికీ దూరంగా, ఆరుబయట కార్బురేటర్ కింది స్క్రూ వదులు చేసి, అందులోదంతా గాజుసీసాలోకి దించండి. అడుగున వేరే పొర కనబడితే ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. జెట్ రంధ్రాన్ని సూదితో పొడవొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. కరెంటు వైరులోంచి తీసిన సన్నటి రాగిపోగు చాలు.