ఎర్రటి బొగ్గుపై నీళ్లు చల్లితే యాక్టివేటెడ్ కార్బన్ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో నేను పనిచేసే పరీక్షశాలకు నెలకు ఒకరిద్దరైనా గోనెసంచితో వస్తారు. నెల్లూరు, చిత్తూరు వైపువారు మాధవరంలో బస్సు దిగి వస్తారు. గోదావరి జిల్లాలవారు రాత్రి రైలెక్కి సెంట్రల్‌లో దిగుతారు. సంచిలో నల్లటి బొగ్గు, ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో ఉంటాయి. అది యాక్టివేటెడ్ కార్బన్, అంటే నీటి ఫిల్టర్లలో వాడే, లోపలంతా సూక్ష్మరంధ్రాలున్న కార్బన్, అయిందనుకుని తెస్తారు. దీని అయోడిన్ విలువ (ఒక గ్రాము ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ను పట్టగలదో చెప్పే అంకె) వెయ్యి దాటుతుందా అని అడుగుతారు. దాటదని సంచి మూతి విప్పకముందే నాకు తెలుసు. అయినా పరీక్ష చేస్తాను. అప్పటికే అప్పు తెచ్చి షెడ్డు వేసుకున్న మనిషికి నోటిమాటతో కాదని చెప్పి పంపడం నాకు సబబుగా తోచదు.

అపోహ: కొబ్బరి చిప్పలను డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి, ఎర్రగా ఉండగానే నీళ్లు చల్లితే యాక్టివేటెడ్ కార్బన్ తయారవుతుంది.

వాస్తవం: తయారయ్యేది ఆర్పిన బొగ్గు. మా నాయనమ్మ వంట అయ్యాక కట్టెల పొయ్యిలో నీళ్లు చిలకరించి బొగ్గులు ఏరి దాచేది, అదే విద్య.

గాలి అందకుండా కాల్చడం మొదటి అంచె మాత్రమే. అందులో తేమ, పొగ, తారు వెళ్లిపోయి కర్బనం మిగులుతుంది గాని, దాని లోపలి సూక్ష్మరంధ్రాలు చాలావరకు తారు అవశేషాలతో మూసుకుపోయే ఉంటాయి. రెండవ అంచెలో ఆ బొగ్గును లోపల ఇటుకలు పేర్చిన తిరిగే కొలిమిలో 900 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో గంటల తరబడి ఉంచి నీటి ఆవిరిని పంపితే, కొంత కర్బనం ఆ ఆవిరితో కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులుగా మారి వెళ్లిపోతుంది, బొగ్గు లోలోపల తొలుచుకుపోతుంది. ఈ చర్య వేడిని పీల్చుకుంటుంది కనుక వేడి నిరంతరం అందుతూ ఉండాలి. లేకుంటే బొగ్గు చల్లబడి చర్య ఆగిపోతుంది. డ్రమ్ములో చెంబుడు నీళ్లు పోసినప్పుడు బుస్సుమని లేచే ఆవిరి చేసే పని ఆ చల్లబరచడమే.

డబ్బు పోయేది కూడా ఇక్కడే. సుమారుగా చెప్పాలంటే 100 కిలోల ఎండు చిప్పల నుంచి 30 కిలోల బొగ్గు వస్తుంది, ఆ 30 కిలోల బొగ్గు నుంచి 10 కిలోల మంచి కార్బన్ వస్తుంది. నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టు రిపోర్టులలో చాలావరకు ఆ 30 కిలోలనే కార్బన్ ధరకు అమ్మినట్టు లెక్క వేసి ఉంటాయి. బరువు తగ్గకుండా యాక్టివేట్ చేసే పద్ధతి చెప్పమని అడిగినవారూ ఉన్నారు. తగ్గిన ఆ బరువే రంధ్రమై కూర్చుంటుందని, ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం అలాగే పుడుతుందని ఎన్నిసార్లు చెప్పినా, నష్టం లేని కిటుకు నేనేదో దాస్తున్నానన్నట్టే చూస్తారు.

కోనసీమ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అలా అనుమానించలేదు గాని, "నలుపు నలుపే కదమ్మా, తేడా ఎక్కడుందో కాస్త చూపించు" అన్నారు. ఆయన బొగ్గును, మా దగ్గరున్న మంచి కార్బన్‌ను పక్కపక్కనే నూరి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అర నిమిషం మరిగించి చల్లార్చి, రెండింటిలోనూ అయోడిన్ ద్రావణం పోసి అర నిమిషం కుదిపి వడకట్టాను. మంచి కార్బన్ నుంచి లేత పసుపు నీరు దిగింది. ఆయన దాని నుంచి పాలు కలపని ఫిల్టర్ కాఫీ డికాక్షన్ లాంటిది దిగింది. అయోడిన్ లోపలికి పోలేదు బాబాయి గారూ, పోవడానికి దారి లేదు అన్నాను. విలువ 200 దాటలేదు. ఆయన చాలాసేపు ఆ ఫ్లాస్కు వైపే చూస్తూ కూర్చున్నారు. అయితే శుభ్రంగా కాల్చిన చిప్పల బొగ్గును కార్బన్ కర్మాగారాలే కొంటాయి. అక్కడ చూసేది తేమ, బూడిద, బాష్పశీల పదార్థం (వేడికి ఆవిరై పోయే భాగం). ఆయన ఇప్పుడు అదే అమ్ముతున్నారు.

నిమ్మరసంలో నానబెట్టమనే వీడియోల గురించి ఒక్క మాట. రసాయన పద్ధతి నిజంగానే ఉంది: ముడి పదార్థాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, గాలి లేకుండా 400 నుంచి 600 డిగ్రీల మధ్య వేడిచేసి, ఆమ్లాన్ని కడిగి తిరిగి రాబట్టాలి. నిమ్మరసం ఫాస్ఫారిక్ ఆమ్లం కాదు.

అపోహ: కార్బన్ తయారీకి ఏ వ్యర్థమైనా ఒకటే.

వాస్తవం: కొబ్బరి చిప్ప గట్టిది, బూడిద తక్కువ, అందుకే నీటి ఫిల్టర్లలో గింజల రూపంలో నిలుస్తుంది. వరి ఊక బరువులో సుమారు అయిదో వంతు బూడిదే, అందులో అధికభాగం సిలికా. దానిని క్షారంతో కరిగించి తీయకుంటే ఆ భారమంతా కార్బన్‌లోనే ఉండిపోతుంది. వేరుశనగ పొట్టు నుంచి పొడి కార్బన్ చేయవచ్చు గాని గట్టి గింజ ఆశించరాదు.

అపోహ: కార్బన్ ఫిల్టర్ పెడితే బోరు నీటి ఉప్పదనం, గట్టిదనం పోతాయి.

వాస్తవం: పోవు. కార్బన్ పట్టేది క్లోరిన్‌ను, వాసనను, రంగును, అనేక సేంద్రియ పదార్థాలను. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌కు కూడా ఇది మందు కాదు, దానికి పటిక, సున్నం వాడే నల్లగొండ పద్ధతి వంటివి వేరే ఉన్నాయి. ఆర్‌ఓ యంత్రంలో కార్బన్‌ను ముందు పెట్టేది క్లోరిన్ వల్ల పొర పాడవకుండా కాపాడటానికి.

అపోహ: వాడిన కార్బన్‌ను ఎండబెడితే మళ్లీ కొత్తది అవుతుంది.

వాస్తవం: తడి ఆరుతుంది, అంతే. పట్టిన పదార్థాన్ని వదిలించాలంటే మళ్లీ కొలిమే.

కొత్త కార్ట్రిడ్జ్ వేసిన రోజు నీళ్లు నల్లగా వచ్చాయని, పిల్లవాడు ఒక గ్లాసు తాగేశాడని మా వీధిలో ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. అది రవాణాలో రాలిన కార్బన్ నుసి. ఒక గ్లాసు నీటితో లోపలికి పోయినంత నుసికి భయపడనక్కర లేదు. నీరు తేటపడేదాకా కాసేపు పారబోస్తే సరిపోతుంది.

నిజంగా భయపడవలసిన చోట మాత్రం ఎవరూ భయపడరు. మంచినీళ్లు శుద్ధి చేసే వస్తువే కదా అని ఫిల్టర్ ట్యాంకులోకి మనుషులను నిచ్చెన వేసి దించేస్తారు. తడిసిన కార్బన్ మూసిన ట్యాంకులోని గాలి నుంచి ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. అక్కడ వాసన ఉండదు, రంగు ఉండదు, దిగిన మనిషికి అనుమానం వచ్చేలోపే స్పృహ తప్పవచ్చు. నేను వెళ్లిన చోట మూత తీసి గాలి కొట్టించి, ఆక్సిజన్ మీటరును తాడుతో అడుగుదాకా దించి, అంకె మామూలు గాలిలో ఉండే 20.9 శాతం దగ్గర నిలిచాకే నిచ్చెన వేయనిస్తాను.